గుంజీల మాస్టారు

"బాబుకి ఎన్నో నెలండీ?" అని అడిగాడు మందులషాపు కుర్రాడు, పౌడరు డబ్బా కవర్లో పెడుతూ.

"నలభైమూడో ఏడు," అన్నాను.

వాడు నవ్వలేదు. పౌడరు నిజంగానే నాకు. తొడలకి రాసుకుంటాను. డెడ్‌లిఫ్ట్‌లో బార్ మోకాళ్ళు దాటాక తొడల మీద ఒరుసుకుంటూ పైకి వస్తుంది. అక్కడ చెమట ఉందంటే పట్టుకుని ఆగిపోతుంది. పసిపిల్లల పౌడరు రాస్తే జారుతుంది. నూనె రాయడం నిషేధం, పౌడరు రాయొచ్చు. వెనక దగ్గుమందు కోసం నలుగురు నిలబడి ఉండగా ఇదంతా విడమరిచి చెప్పడం కుదరదు గనక డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ కుర్రాడు ఇప్పటికీ నన్ను చూస్తే అదోలా మొహం పెడతాడు.

నేను విజయనగరంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. సాయంత్రాలు పవర్‌లిఫ్టింగ్ చేస్తాను. ఈ రెండో సంగతి తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. మొదటిది, "కరణం మల్లీశ్వరి చేసిందే కదండీ?" కాదండీ. ఆవిడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అది వెయిట్‌లిఫ్టింగ్. అందులో బరువు తల మీదికి వెళ్ళాలి, చూడ్డానికి అందంగా ఉంటుంది. మాది తల దాకా వెళ్ళదు. బార్ మూపు మీద పెట్టుకుని కూచుని లేవడం స్క్వాట్. బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్ గుండెల మీదికి దించి తొయ్యడం బెంచ్ ప్రెస్. నేల మీదున్నదాన్ని నిటారుగా నిలబడేదాకా లేపడం డెడ్‌లిఫ్ట్. ఇంతే. "ఇంతేనా?" అన్నది ఎదుటివాళ్ళ మొహంలో కనపడుతూనే ఉంటుంది. ఒలింపిక్స్‌లో మాకు చోటు లేదు. పారాలింపిక్స్‌లో మాత్రం 1984 నుంచి బెంచ్ ప్రెస్ ఉంది. 2004లో ఏథెన్స్‌లో మన రాజిందర్ సింగ్ రహేలు అందులోనే కాంస్యం గెలిచాడు. ఆ మాట చెప్పేసరికి ఎదుటివాళ్ళు రెండో ప్రశ్నకి వెళ్ళిపోయి ఉంటారు.

రెండో ప్రశ్న గ్యాస్ బండ గురించి.

మా అపార్ట్‌మెంటుకి నాలుగంతస్తులు, నెలకి పదిహేను రోజులు మాత్రమే నడిచే లిఫ్టు ఒకటి. అది ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు, "లిఫ్టు పాడైతేనేం, లిఫ్టర్ గారున్నారుగా, గ్యాస్ బండ కాస్త పైకి చేరుస్తారా?" అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. నిండు బండలో గ్యాస్ 14.2 కేజీలు, ఖాళీ బండ బరువుతో కలిపితే ముప్ఫైకి కాస్త అటూ ఇటూ. నేను జిమ్‌లో మొదట వేసే సన్నాహపు సెట్టులో సగం కూడా కాదది. కానీ దాన్ని ఒక పక్కకి వేలాడదీసుకుని, మెట్ల మలుపుల్లో గోడకి తగలకుండా, చెప్పులు జారకుండా నాలుగంతస్తులు ఎక్కడం వేరే విద్య. ఆ విద్య బండలు తెచ్చే అబ్బాయికి వచ్చు. నాకు రాదు. రెండో అంతస్తుకే ఆయాసం వచ్చి మెట్ల మీద కూలబడిపోతాను. మూడో అంతస్తు మామ్మగారు తలుపు తీసి, "ఏం బాబూ, పవర్ అయిపోయిందా?" అని అడిగిపోయింది ఒకసారి.

ఎంత బలం పెరిగితే అంత పనికిరానివాణ్ణవుతున్నానని నాకు తెలిసింది ఆ మెట్ల మీదే.

*

స్కూల్లో నా పేరు గుంజీల మాస్టారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఒకరోజు ఎనిమిదో తరగతిలో వెనకబెంచీ వాడొకడు లేచి, "సార్, మీరు నెలనెలా డబ్బులు కట్టి మరీ గుంజీలు తీస్తారంట, నిజవేనా సార్?" అన్నాడు. నిజమే. పైగా భుజాల మీద వంద కేజీలేసుకుని తీస్తాను. క్లాసంతా కాసేపు ఆలోచనలో పడింది. విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడం, శారీరకంగా శిక్షించడం నిషేధించింది గనక గుంజీలు తీయించే రోజులు ఎలాగూ పోయాయి. అయినా మనసులో ఓ మూల ఉండే ఆ బెదిరింపు కూడా నా విషయంలో చెల్లదు. నాకు ఇష్టమైనదాన్ని శిక్ష అని ఎలా అనను? వినాయకచవితికి మా ఇంట్లో అందరూ మూడేసి గుంజీలు తీసి ఊరుకుంటారు. నన్ను మాత్రం మా అబ్బాయి, "నాన్నా, లోతు సరిపోలేదు, నో లిఫ్ట్," అంటాడు.

పిల్లవాడు ఆ మాట నా దగ్గరే నేర్చాడు. కూచున్నప్పుడు తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలన్నది నియమం. ముగ్గురు రిఫరీలు మూడు వైపుల నుంచి చూస్తారు. దిగితే తెల్లదీపం, దిగకపోతే ఎర్రదీపం. ఇద్దరు తెల్లదీపం వేస్తే ఆ లిఫ్ట్ చెల్లినట్టు. అంగుళం తేడా కోసం పవర్‌లిఫ్టర్లు చేసే వాదన చూస్తే, పొలంగట్టు తగాదాలు గుర్తొస్తాయి.

మా ఇంట్లో బరువులెత్తడం నాతో మొదలవలేదు. మా పెదనాన్న చీపురుపల్లి దగ్గర పల్లెలో సంక్రాంతికి సంగిడిరాయి ఎత్తేవాడు. మా ఉత్తరాంధ్ర ఊళ్ళలో పండక్కి ఇప్పటికీ సంగిడి పోటీలు పెడతారు. ఎత్తినవాడికి ఊళ్ళో కొన్నాళ్ళు నడక మారిపోతుంది. ఆయన ఒకసారి నా జిమ్‌కి వచ్చి, బార్‌కి రెండు పక్కలా సమానంగా పెట్టిన రంగురంగుల ప్లేట్లు చూశాడు. ఎరుపు ఇరవై అయిదు, నీలం ఇరవై, పసుపు పదిహేను. చేత్తో తడిమి, "రెండేపులా సమానంగా ఉంటే ఎత్తడవేటిరా? రాయి అలాగుండదు," అని తేల్చేశాడు. ఆయనకిప్పుడు డెబ్భయ్యెనిమిదేళ్ళు. నేల మీద బాసింపట్టు వేసుకుని గంటసేపు కబుర్లు చెప్పి, చెయ్యి ఆన్చకుండా లేస్తాడు. పెళ్ళిళ్ళలో నేల మీద పంక్తి భోజనమంటే నాకు కడుపులో బెదురు. నా తొడలు మడత పడవు, నడుం వంగదు. విస్తరికీ నాకూ మధ్య జానెడు దూరం ఉండిపోతుంది, సాంబారు చొక్కా మీదికి వస్తుంది.

మా వూరికి ఈ విద్యలో ఇంకో పెద్ద బంధుత్వం ఉంది. కోడి రామమూర్తి నాయుడు గారిది వీరఘట్టం. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. తర్వాత సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని నడిపించుకున్నారు, ఊపిరి బిగబట్టి ఛాతీకి కట్టిన ఇనపగొలుసు తెంచారు, కదిలే కారుని ఆపారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు, విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉన్నాయి. విజయనగరంలో మాస్టారుగా పనిచేస్తూ బరువులెత్తడమన్న ఒక్క పోలికతో ఆయనకీ నాకూ ఏదో వారసత్వం ఉన్నట్టు నేను మనసులో అనుకుంటూ ఉంటాను. బయటికి అనను. ఆయన కారు ఆపారు. నా స్కూటరు స్టాండు వెయ్యడానికే నాకు మోచెయ్యి నొప్పి.

*

పోటీకి వెళ్ళడం ఒక వ్రతం. ముందు బరువు తగ్గాలి. మా పోటీల్లో మగవాళ్ళకి 59, 66, 74, 83, 93, 105, 120 కేజీలు, ఆ పైన ఎంతైనా అని విభాగాలుంటాయి. నేను 83లో ఆడతాను, నలభై దాటినవాళ్ళ వరసలో. ఏడాదిలో పది నెలలు నా బరువు 86. ఆ మూడు కేజీలు తగ్గించే రోజుల్లోనే చుట్టాలందరికీ పెళ్ళి ముహూర్తాలు కుదురుతాయి. పూతరేకుల ముందు నిలబడి మజ్జిగ తాగే మనిషిని చూస్తే పెళ్ళివారికి అనుమానం వస్తుంది, సుగర్ వచ్చిందా, మనసు బాగోలేదా అని. ఒకసారి పోటీకి నాలుగు రోజుల ముందు సింహాచలం వెళ్ళి అప్పన్నకి తలనీలాలు ఇచ్చాను. మా అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, వీడికి ఇన్నాళ్ళకి భక్తి కలిగిందని. స్వామికి మొక్కు, నాకు యాభై గ్రాములు.

పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు బరువు చూస్తారు. గదిలోకి ఒక్కొక్కరినీ పిలుస్తారు. లోపల చాటు ఉంటుంది, కావాలంటే బట్టలన్నీ విప్పేసి ఎక్కొచ్చు. చాలామంది విప్పేస్తారు. హద్దు దాటింది వంద గ్రాములే అయితే మనిషికి సిగ్గు అనేది వంద గ్రాముల కంటే తేలికని అక్కడ తెలుస్తుంది. మొలతాడు బరువెంతో నాకు తెలుసు. ఉంగరం బరువు తెలుసు. సరిగ్గా వచ్చిందనగానే బయటికి పరిగెత్తి, రెండు గంటల్లో ఎన్ని ఇడ్లీలు పడతాయో అన్నీ తింటాం. ఆ గంటలో టిఫిన్ హోటలువాడికి మేము పండగ.

ఇంతకంటే చిత్రమైనది సామాను తనిఖీ. వేదిక మీదికి ఒంటి మీద వెళ్ళే ప్రతిదాన్నీ ముందే చూపించాలి. బెల్టు వెడల్పు పది సెంటీమీటర్లు, మందం పదమూడు మిల్లీమీటర్లు దాటకూడదు. మణికట్టు పట్టీ పొడుగు మీటరు మించకూడదు. మేజోళ్ళు, బూట్లు, ఒళ్ళంతా బిగిసి ఉండే సింగ్లెట్ అనే ఆ అంగీ, టీషర్టు, ఆఖరికి లోపలి డ్రాయరు కూడా. డ్రాయరుకి కాళ్ళుండకూడదు. కాళ్ళుంటే తొడలకి అది ఆసరా ఇస్తుందేమోనని అనుమానం.

నాకు ఈ చివరి నియమం తెలియదు. ఏలూరులో నా మొదటి పోటీ. బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఓ పెద్దాయన, మా నాన్న ఈడువాడు, నా డ్రాయరుని రెండు చేతులా పట్టుకుని వెలుతురులో పైకెత్తి చూశాడు. వెనక ముప్ఫైమంది వరసలో ఉన్నారు, అందులో అమ్మాయిలు కూడా. "కుదరదు బాబూ. కాళ్ళున్నాయి," అన్నాడు, ఎంతో బాధతో. టైము ఏడున్నర. ఊరు కొత్త. బట్టలకొట్లు పదింటికి గానీ తియ్యరు. ఆటో ఎక్కి బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద గుట్టపోసి అమ్మే మనిషిని పట్టుకున్నాను. నా సైజులో ఒకే ఒక్కటి ఉంది, చిలకపచ్చది. దాన్ని తెచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డాను. పెద్దాయన దాన్నీ అలాగే వెలుతురులోకి ఎత్తాడు. ఈసారి తృప్తిగా తలూపి, ముద్ర వేశాడు. నా జీవితంలో ఏ సర్టిఫికెట్టూ అంత మంది ముందు అటెస్ట్ చేయించుకోలేదు.

ఆ పోటీ ఎలా జరిగిందో కూడా చెప్పాలి కదా. ఒక్కో విన్యాసానికి మూడు అవకాశాలు. మొదటి స్క్వాట్ 120 కేజీలు, ఇంట్లో నిద్రలో లేపే బరువు. లోతు చాల్లేదన్నారు, రెండు ఎర్రదీపాలు. రెండోసారి బాగానే దిగాను, లేచాను. లేచిన ఆనందంలో రిఫరీ "ర్యాక్" అనకముందే బార్ తీసుకెళ్ళి స్టాండు మీద పెట్టేశాను. మూడు ఎర్రదీపాలు. మూడోసారికి కాళ్ళు వణుకుతున్నాయి, మళ్ళీ లోతు పోయింది. మూడూ పోతే ఆ రోజుకి మొత్తం లెక్కలో లేనట్టే. దీన్ని మావాళ్ళు బాంబ్ అవుట్ అంటారు. రాత్రి రైలు దిగి ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెడుతూ, "ఎంతెత్తావురా?" అంది.

"సున్నా."

"సున్నా ఎత్తడానికి ఏలూరెందుకురా? ఇంట్లో ఎత్తుకోలేవూ?"

బెంచ్ ప్రెస్ గురించి ఎక్కువ చెప్పను. నాకది రాదు. తల, భుజాలు, పిరుదులు బల్లకి, పాదాలు నేలకి అంటుకుని ఉండాలి, మధ్యలో నడుం మాత్రం విల్లులా ఎంత వంచితే అంత లాభం. వెన్ను విరుచుకుని కొందరు బార్‌ని బెత్తెడు దూరమే కదిపి గెలిచేస్తున్నారని 2023 నుంచి మోచేతులు భుజాల ఎత్తుకి దిగాలని నియమం పెట్టారు. నాది ఎలాగూ వంగని వెన్ను గనక నాకేమీ నష్టం రాలేదు. అందులో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. బార్ గుండెల మీద ఆనాక కదలకుండా పట్టుకుని, రిఫరీ "ప్రెస్" అనేదాకా ఆగాలి. ఒక క్షణమే. కింద పడుకున్నవాడికి అది పీఆర్సీ కోసం ఎదురుచూసినట్టుంటుంది. మా ఆవిడ ఒక పోటీకి వచ్చి చూసింది. "చెప్పేదాకా కదలకుండా, చెప్పగానే చెప్పినట్టు చెయ్యడం మీకు వచ్చన్నమాట," అంది.

*

ఇక ఒంటి సంగతి. నా అరచేతుల్లో కాయలు కాచాయి. వేళ్ళ మొదట్లో నాలుగేసి. మా ఆవిడ పట్టుచీర మడత పెట్టడానికి నన్ను చెయ్యి వెయ్యనివ్వదు, దారాలు లేస్తాయని. డెడ్‌లిఫ్ట్‌లో బార్ కాలి ముందెముకని గీసుకుంటూ లేస్తుంది. అక్కడ చర్మం ఎన్నిసార్లు లేచిపోయిందో లెక్కలేదు. రక్తం బార్‌కి అంటకుండా మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకోవాలని నియమం కూడా ఉంది. వీపు మీద, మెడకి కాస్త కింద, బార్ ఆనే చోట చర్మం నల్లబడి గట్టిపడింది. మా పెదనాన్న దాన్ని వేలితో నొక్కి చూసి, కాడి కట్టిన ఎద్దు మెడ మీద ఇలాగే ఉంటుందన్నాడు. ఎద్దు దున్నేది ఎవరి కోసమో దానికి తెలియదు. నాకూ అంతే అని ఆయన అనలేదు గానీ, మొహంలో ఉంది.

బరువు బాగా ఎక్కువైనప్పుడు ఊపిరి బిగబట్టి పొట్టలో ఒత్తిడి పెంచి, దాని మీద నడుం నిలబెడతాం. రక్తపోటు అమాంతం లేస్తుంది. 1985లో కెనడా పరిశోధకులు కండలు తిరిగినవాళ్ళ ధమనిలో గొట్టం పెట్టి, కాళ్ళతో బరువు తోస్తుండగా కొలిచారు. ఒకడికి 480/350 వచ్చింది. మనకి 120/80 ఉంటే చాలు అంటారు. క్షణంసేపే, దింపగానే దిగిపోతుంది. ఈ లెక్క నేను మా ఆవిడకి చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుతుంది.

ఆ ఒత్తిడికి ఒక్కోసారి కళ్ళ చుట్టూ, బుగ్గల మీద సన్నని రక్తనాళాలు చిట్లి ఎర్రచుక్కలు లేస్తాయి. రెండు రోజుల్లో పోతాయి. అలాంటి మొహంతో ఒక సోమవారం స్టాఫ్ రూముకి వెళ్ళాను, వానాకాలం. లెక్కల మాస్టారు చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకుని, "డెంగీ అండీ, ప్లేట్‌లెట్లు చూపించుకోండి," అన్నారు. హెడ్మాస్టరు గారు సెలవు చీటీ ఆయనే రాసిచ్చారు. మధ్యాహ్నానికి ముగ్గురు బొప్పాయి ఆకులు పంపారు. ఇంత అభిమానం చూశాక, ఇవి 200 కేజీలు లేపినందుకు వచ్చిన చుక్కలని చెప్పడానికి నోరు రాలేదు. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. ఒకరోజు జిమ్‌కి కూడా వెళ్ళాను, అది హెడ్మాస్టరు గారికి తెలియదు.

నడుం మాత్రం నిజంగానే పోయింది. బార్ కింద కాదు. డెడ్‌లిఫ్ట్ చేసిన మర్నాడు పొద్దున్న, మంచం కింద పడ్డ మా అబ్బాయి మేజోడు తీద్దామని వంగాను. ఒక పక్క టక్‌మంది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మేజోడు చేతిలోనే ఉంది. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగిస్తాం, బెల్టు బిగిస్తాం, మనసు బిగిస్తాం. మేజోటికి ఎవడు బిగిస్తాడు?

విశాఖలో ఎముకల డాక్టరు గారు ఎమ్మారై ఫొటో వెలుతురు పెట్టె మీద పెట్టి, అయిదో పూస దగ్గర పెన్నుతో చూపించారు. ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ అన్నది తెలుగువాళ్ళందరికీ ఇప్పుడు చుట్టరికం పేరులా అయిపోయింది, ఏ ఇంట్లో చూసినా ఒకళ్ళకి ఉంటుంది. "ఇకనుంచి అయిదు కేజీలు మించి ఎత్తకండి," అన్నారు. ఉత్త బార్ ఇరవై కేజీలండీ అన్నాను. వెన్నుపూస వంకర ఉన్న లామార్ గ్యాంట్ అనే అమెరికన్ 1985లో 60 కేజీల ఒంటితో 300 కేజీలు, అంటే తన బరువుకి అయిదింతలు, నేల మీంచి లేపాడని కూడా చెప్పాను. డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని, "ఆయన నా పేషెంటు కాదు," అన్నారు.

నెల్లాళ్ళు మంచం మీదే గడిపాను. ఇల్లంతా అమృతాంజనం వాసన. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. అంటే మన పత్రికలకి మూలధనం మన తలనొప్పులూ నడుంనొప్పులే. మంచం మీద బోర్లా పడుకుని ఉన్నవాడికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి. ఆ నెల్లోనే మా అమ్మ నా జిమ్ సంచీ సర్దుతూ చేతులకి రాసుకునే తెల్లటి చాక్ దిమ్మ చూసింది. అది మెగ్నీషియం కార్బొనేట్, పట్టు జారకుండా రాసుకుంటాం. ధనుర్మాసం. పొద్దున్నే గుమ్మంలో పెద్ద ముగ్గు. "ఈ ముగ్గురాయి ఎక్కడ కొన్నావురా, తెల్లగా పడతంది," అంది. అయిదు వందల రూపాయల ముగ్గు.

దర్జీ అప్పారావు గారి సంగతి వదిలేస్తాను. నడుం ముప్ఫైనాలుగు, తొడ ఇరవై ఆరు రాసుకుని, "ఇది పేంటు కాదు మాస్టారూ, రెండు లుంగీలు," అన్నాడని మాత్రం చెప్తాను. గుంజీల మర్నాడు మెట్లు దిగడం ఎలా ఉంటుందో, అదేరోజు పల్లెటూరి మరుగుదొడ్లో కూచున్నవాడు మళ్ళీ ఎలా లేస్తాడో కూడా వివరంగా రాయడం మర్యాద కాదు. తలుపు గడియ పట్టుకుని లేస్తాడు. గడియ గట్టిదై ఉండాలి.

ఇన్ని చెప్పి, మరి ఎందుకు చేస్తున్నావని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ఆరోగ్యానికి అనలేను, ఎమ్మారై ఫొటో బీరువాలో ఉంది. డబ్బుకి కాదు, ఎదురు ఖర్చు. లెక్కేస్తే పొద్దున్న ఆరింటికి బరువు చూసుకున్నవాణ్ణి సాయంత్రం నాలుగు దాకా కూచుంటే, నా తొమ్మిది అవకాశాలూ కలిపి బార్ కదిలేది ఒక నిమిషం. మిగతాదంతా అరటిపళ్ళు తింటూ ఇంకొకళ్ళ బరువుకి అరవడమే. ఆ అరుపుల్లో తేడా ఉండదు, పక్క జిల్లా ప్రత్యర్థికి కూడా గొంతు పోయేలా అరుస్తారు. స్టాఫ్ రూములో ఇది చూడలేదు.

ఒకటి మాత్రం చెప్తాను. 180 కేజీలతో కిందికి దిగి లేచేటప్పుడు సగం దారిలో ఒకచోట బార్ ఆగిపోతుంది. ప్రతివాడికీ ఆ చోటు ఉంటుంది. అక్కడ డీఏ బకాయిలు గుర్తుండవు, దిద్దాల్సిన పేపర్లు గుర్తుండవు, నడుం కూడా గుర్తుండదు. వెనక ఒకడు, పక్కన అటిద్దరు, ఇటిద్దరు చేతులు చాచి నిలబడి ఉంటారు, పడితే పట్టుకోవడానికి. అదే వాళ్ళ పని. లేస్తే చప్పట్లు కొడతారు, పడితే బార్ పట్టుకుని, "ఏం పర్లేదు గురూ," అంటారు. నేను పదో తరగతి తప్పినప్పుడు గానీ, మొదటిసారి డీఎస్సీ పోయినప్పుడు గానీ నా చుట్టూ అలా అయిదుగురు చేతులు చాచి నిలబడలేదు.

రైల్వేలో రిటైరైన మా కోచ్ గారికి అరవై ఏడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, జిమ్ గడప దాటడానికి కర్ర కావాలి. గడప దాటాక కర్ర మూల పెట్టి డెడ్‌లిఫ్ట్ చేస్తారు. ఎందుకండీ అని నేనూ ఆయన్ని అడిగాను ఒకసారి. "ఇంటికెళ్తే మళ్ళీ ముసిలాణ్ణవుతాను," అన్నారు, ప్లేటు ఎక్కిస్తూ.

ఏలూరు తర్వాత ఆరు పోటీలకి వెళ్ళాను. కిందటిసారి స్క్వాట్ 185, బెంచ్ 115, డెడ్‌లిఫ్ట్ 210, మొత్తం 510 కేజీలు. నలుగురిలో మూడోవాణ్ణి. చిలకపచ్చ డ్రాయరుకి ఇప్పుడు శకునం పట్టింది, అది లేకుండా వెళ్ళను. వచ్చే పోటీ నెలాఖరున ఉంది. ఈ పొద్దున్న నా బరువు 85.6. కాబట్టి బంధుమిత్రులకు మనవి: శుభలేఖలు ఆ తర్వాత పంపండి. గ్యాస్ బండ పైకి చేర్చాల్సినవాళ్ళు మూడు వందల నాలుగులో మా ఆవిణ్ణి పిలవండి. మా ఇంటి బండ ఎప్పుడూ ఆవిడే ఎక్కిస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు.